ఊరికే మోగే సైరన్ కాపలా కాదు



గృహభద్రతను గురించి కొన్ని నెలలుగా మాకు ఉత్తరాలు వస్తున్నాయి. వ్రాసేవారిలో ఎక్కువమంది స్త్రీలు. ఇంటి యజమాని గల్ఫ్‌లోనో, మరొక ఊరిలోనో ఉద్యోగంలో ఉంటాడు. ఇంట్లో అత్తగారు, పిల్లలు, తాము. ప్రహరీగోడ పొడవునా ఇన్‌ఫ్రారెడ్ బీమ్ సెన్సార్లు బిగించి సైరన్ పెట్టించుకొన్నారు. మొదటి వారం నిశ్చింతగా గడిచింది. రెండవ వారంలో అర్ధరాత్రి సైరన్ మోగింది. టార్చిలైటు వేసి చూస్తే ఎవరూ లేరు. మరునాడు మళ్ళీ మోగింది. పిల్లలు ఏడుస్తూ లేచారు. పొరుగువారు ఉదయం వచ్చి అడిగారు. చివరకు ఒక రాత్రి స్విచ్చి ఆపేశారు. ఆపేసిన స్విచ్చిని మళ్ళీ వేయలేదు.

ఒక సోదరి ఇంట స్విచ్చి ఆపేసిన పన్నెండవ రోజున పెరటివైపు గోడ దూకి బోరు మోటారు తీగలు కోసుకొని పోయారు. సెన్సార్లు గోడమీదనే ఉన్నాయి. సైరన్ దాని చోటనే ఉన్నది. డబ్బు చెల్లించిన రసీదు బీరువాలో ఉన్నది. కాపలా మాత్రం లేదు.

దొంగ వచ్చినపుడు మోగని అలారం లోపభూయిష్టమైనదని అందరూ ఒప్పుకొంటారు. దొంగ రానప్పుడు మోగే అలారం కూడా అంతే లోపభూయిష్టం. ఏలనగా అది ఇంటివారి చేతనే తనను ఆపివేయిస్తుంది. కావున ఈ నెల మా శీర్షికను ఈ సెన్సార్ల అమరికకు, అవి మొరాయించినపుడు కారణం వెదికే పద్ధతికి కేటాయిస్తున్నాము. మేము ఇంజనీర్లము కాము. అయితే మదర్సా వసతిగృహం బాధ్యత మాపై ఉన్నందువలన కొన్నేళ్ళుగా వీటితో వ్యవహరిస్తున్నాము. తయారీదారుల సూచన పుస్తకాలు చదివాము. పనివారి పక్కన నిలబడి పని చూశాము. మేము చూసినంతలో ఊరికే మోగడానికి కారణం పరికరంలో కంటె దానిని బిగించిన తీరులోనే ఎక్కువసార్లు కనబడింది.

ఈ పరికరం ఏమి చేస్తుంది?

బీమ్ సెన్సార్ అంటే రెండు పెట్టెల జత. ఒకటి ట్రాన్స్‌మిటర్, రెండవది రిసీవర్. మొదటిది ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపుతూ ఉంటుంది. ఎదురుగా దూరాన ఉన్న రెండవది దానిని అందుకొంటూ ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలు పరారుణ కిరణాలు అని పిలిచేది ఈ కాంతినే. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త పట్టకం గుండా విడిపోయిన సూర్యకాంతి రంగులలో ఉష్ణమాపకాలు ఉంచి కొలుస్తూ, ఎరుపు దాటిన తరువాత ఏ రంగూ కనబడని చోట కూడా వేడి ఉండటం గమనించాడు. ఆ కనబడని కాంతియే నేడు మన టీవీ రిమోట్‌లో పని చేస్తున్నది, ప్రహరీగోడపై కాపలా కాస్తున్నది.

కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది. సుమారు వెయ్యేళ్ళ క్రితం ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో ప్రయోగాల ద్వారా చర్చించిన ఈ సత్యంపైనే బీమ్ సెన్సార్ ఆధారపడి ఉన్నది. ఆ రేఖకు ఎవరైనా అడ్డుపడి, నిర్ణయించిన కాలం కంటె ఎక్కువసేపు కాంతి అందకపోతే, రిసీవర్‌లోని రిలే విడిపోతుంది. ఆ సమాచారం తీగ గుండా ఇంట్లోని ప్యానల్‌కు చేరుతుంది, సైరన్ మోగుతుంది. ట్రాన్స్‌మిటర్ తన కాంతిని చాలా వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటుంది. రిసీవర్ ఆ లయను గుర్తిస్తుంది గనుక వీధిదీపపు వెలుగును చూసి అది మోసపోదు.

గదుల మూలలలో పెట్టే మోషన్ సెన్సార్ వేరు. అది ఏ కాంతినీ పంపదు. కదిలే శరీరపు వేడిని పసిగడుతుంది. కెమెరా కూడా వేరు. బీమ్ సెన్సార్ ఎవరి బొమ్మా తీయదు, పెరట్లో పని చేసుకొనే స్త్రీలను గాని, పొరుగింటి వాకిలిని గాని చూడదు. పరదా పాటించే కుటుంబాలు దీనిని ఇష్టపడటానికి ఇది ఒక మంచి కారణం.

కొనడానికి ముందు గోడ వెంట నడవండి

కాగితమూ టేపూ తీసుకొని ప్రహరీ వెంట ఒకసారి నడవాలి. ప్రతి గోడ పొడవును కొలవాలి. గోడ ఎక్కడ వంగుతున్నది, ఏ కొమ్మ వాలి ఉన్నది, బట్టలు ఆరవేసే తీగ ఎక్కడ ఉన్నది, కారు ఎక్కడ నిలుపుతారు అన్నవి వ్రాసుకోవాలి. రేఖ సూటిగా ఉండాలి గనుక వంపు ఉన్న గోడకు ఒక జత చాలదు. వంపు వద్ద రెండవ జత మొదలు కావాలి.

పెట్టెపై సాధారణంగా రెండు దూరాలు వ్రాసి ఉంటాయి. ఇంటి లోపలి దూరం పెద్దది, ఆరుబయట దూరం చిన్నది. మనకు లెక్క ఆరుబయట దూరమే. మంచు, వాన, ధూళి వలన కాంతి కొంత తగ్గుతుంది గనుక తయారీదారు ఆ మేరకు నిల్వబలం ఉంచి ఆ చిన్న అంకె ఇస్తాడు. 45 మీటర్ల గోడకు 60 మీటర్ల జత తగినది. లోపలి దూరపు అంకెను చూసి చవకరకం కొంటే ఎండాకాలమంతా బాగానే పని చేసి, డిసెంబరు, జనవరి నెలల పొగమంచులో మొరాయిస్తుంది.

ఒకే కిరణం ఉన్న రకం ఆరుబయటికి తగదు. జంట కిరణాల రకంలో పైకిరణము, క్రిందికిరణము రెండూ ఒకేసారి తెగితేనే అలారం వస్తుంది. ఎగిరే ఆకు, చిన్న పిట్ట ఒకదానిని అడ్డుకొన్నా రెండవది నిలిచి ఉంటుంది. నాలుగు కిరణాల రకంలో నాలుగూ తెగాలి. గోడపై పిల్లులు, కోతులు తిరిగే ఊళ్ళలో ఖర్చు ఎక్కువైనా నాలుగు కిరణాలదే మేలు. అయినా పెద్ద కోతిని ఏ బీమ్ సెన్సార్ కూడా మనిషి నుండి వేరుచేసి గుర్తించలేదన్నది ముందే తెలుసుకొని ఉండాలి.

ఎత్తు విషయానికి వస్తే, నేలపై నడిచివచ్చే మనిషిని పట్టడానికి 70 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు ఎత్తు వాడుకలో ఉన్నది. ఒకే జత అయితే క్రింద పాకి రావచ్చు గనుక, విలువైన సామాను ఉన్న వైపున రెండు ఎత్తులలో రెండు జతలు పెడతారు. గోడ ఎక్కేవాడిని పట్టాలంటే గోడ పైభాగానికి కొద్ది ఎత్తున, చేయి వేసినా కాలు వేసినా తెగేటట్లు రేఖ ఉండాలి.

ఒకే గోడపై రెండు జతలు పైనా క్రిందా ఉన్నపుడు, లేదా ఒకదాని తరువాత ఒకటి వరుసగా ఉన్నపుడు, ఒకదాని కాంతి మరొకదాని రిసీవర్‌లో పడే ప్రమాదం ఉన్నది. అప్పుడు మనిషి ఒక రేఖను తెంచినా రిసీవర్‌కు పొరుగు కాంతి అందుతూ ఉంటుంది, సైరన్ మోగదు. దీనికి రెండు ఉపాయాలు. ఛానల్ మార్చే సౌకర్యం ఉన్న రకం కొని, ప్రతి జతకు వేరు ఛానల్ పెట్టాలి. వరుస జతలలో, రెండు జతలు కలిసే చోట రెండు రిసీవర్లు వీపులు ఆనించి గాని, రెండు ట్రాన్స్‌మిటర్లు వీపులు ఆనించి గాని నిలపాలి.

ఇక సూర్యుడు. ఉదయించే, అస్తమించే సూర్యుని వైపు రిసీవర్ ముఖం ఉండరాదు. నేరుగా పడే ఎండలో రిసీవర్ కన్ను చెదరి, ట్రాన్స్‌మిటర్ కాంతిని గుర్తించలేకపోతుంది. మన తెలుగు ప్రాంతాలలో సూర్యోదయ స్థానం ఏడాది పొడవునా సరిగ్గా తూర్పునకు అటు సుమారు 25 డిగ్రీలు, ఇటు సుమారు 25 డిగ్రీల మేర జరుగుతూ ఉంటుంది. అందువలన బిగించిన నెలలో రాని ఇబ్బంది నాలుగు నెలల తరువాత రావచ్చు. ఉత్తర దక్షిణాలుగా ఉన్న గోడకు ఈ బాధ లేదు. తూర్పు పడమరల గోడకు మాత్రం, ఏ వైపున భవనమో దట్టమైన చెట్లో ఉండి సూర్యుని కప్పుతున్నదో చూసి, రిసీవర్ ఆ వైపునకు తిరిగి ఉండేటట్లు పెట్టాలి.

బిగింపు, తీగలు

పెట్టె కదలరాదు. ఇది మొదటి నియమం, దీనికి మినహాయింపు లేదు. 60 మీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ వంపు వస్తే రేఖ ఒక మీటరుకు పైగా పక్కకు పోతుంది. పలుచని ఇనుప గొట్టానికి, వెదురుకు, చెట్టుకు, ఊగే కంచె స్తంభానికి సెన్సార్ బిగించరాదు. ఇటుక గోడ, సిమెంటు స్తంభం, లేదా కాంక్రీటులో పాతిన దళసరి గొట్టం కావాలి. గేటు స్తంభానికి బిగిస్తే, ఇనుప గేటు ధడాలున మూసినప్పుడల్లా అది అదురుతుందని మరువరాదు.

తీగ పెట్టెలోనికి క్రింది వైపు నుండి రావాలి. రావడానికి ముందు కొద్దిగా క్రిందికి వేలాడి పైకి ఎక్కితే, దాని వెంట జారే వాననీరు ఆ వంపు వద్దనే రాలిపోతుంది. తీగ వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయాలి. లేకుంటే చీమలు లోపల కాపురం పెడతాయి. అయితే నీరు కారిపోవడానికి తయారీదారు వదిలిన చిన్న రంధ్రాన్ని మాత్రం మూయరాదు. తీగలను పైపులో వేసి, 230 వోల్టుల ఇంటి కరెంటు తీగలకు దూరంగా నడిపించాలి. మధ్యలో అతుకులు ఎంత తక్కువైతే అంత మంచిది. తప్పని అతుకును నీరు చేరని పెట్టెలో ఉంచాలి. చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మొదటి వానాకాలంలోనే పచ్చబారుతుంది.

ఇప్పుడు వోల్టేజీ సంగతి. చాలామంది దీనిని పట్టించుకోరు. ఎన్నో రాత్రుల అశాంతికి మూలం ఇక్కడే ఉన్నది. సెన్సార్లు సాధారణంగా 12 వోల్టుల డీసీ కరెంటుతో నడుస్తాయి. చాలా రకాలకు కనీస అవసరం 10.5 వోల్టులు. తీగ సన్నగా, పొడవుగా ఉంటే దారిలోనే కొంత వోల్టేజీ పోతుంది.

ఒక లెక్క చూద్దాము. ప్యానల్ నుండి గోడ చివరకు 60 మీటర్లు. కరెంటు వెళ్ళిరావాలి గనుక తీగ పొడవు 120 మీటర్లు. సన్నని 0.22 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు ఈ పొడవున సుమారు 9.4 ఓముల నిరోధం ఉంటుంది. అక్కడి సెన్సార్లన్నీ కలిసి 150 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటే దారిలో పోయేది సుమారు 1.4 వోల్టులు. ఇంట్లో కరెంటు ఉన్నపుడు ప్యానల్ సుమారు 13.5 వోల్టులు ఇస్తుంది. సెన్సార్‌కు 12 వోల్టులకు పైగా అందుతుంది. కరెంటు పోయి, బ్యాటరీ వాడుకలో 11.5 వోల్టులకు దిగినపుడు సెన్సార్‌కు అందేది 10.1 మాత్రమే. అప్పుడు సెన్సార్ తడబడుతుంది, సైరన్ మోగుతుంది. కరెంటు పోయిన రాత్రులలోనే మోగే అలారానికి చాలాసార్లు ఇదే అర్థం. అదే దూరానికి ఒక చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే నష్టం సుమారు 0.3 వోల్టులకు తగ్గుతుంది.

ప్యానల్‌కు కలిపేటపుడు రిలేలోని ఎన్.సి. కొనలను వాడాలి. ఈ పద్ధతిలో అంతా సవ్యంగా ఉన్నపుడు వలయం మూసి ఉంటుంది. దొంగ రేఖను తెంచినా, తీగను కోసినా, సెన్సార్‌కు కరెంటు ఆగిపోయినా వలయం తెరుచుకొని ప్యానల్‌కు తెలుస్తుంది. వలయం చివర పెట్టే ఈ.ఓ.ఎల్. రెసిస్టర్‌ను సెన్సార్ పెట్టెలోనే పెట్టాలి. పని సులువని కొందరు దానిని ప్యానల్‌లోనే బిగిస్తారు. అప్పుడు ఎవరైనా దారిలో రెండు తీగలను కలిపివేసినా ప్యానల్‌కు తెలియదు. మూత తెరిస్తే పని చేసే ట్యాంపర్ స్విచ్చిని కూడా వృథాగా వదలక ఒక జోన్‌కు కలపాలి.

రేఖ కుదర్చడం

దీనికి ఇద్దరు మనుషులు, ఒక మల్టీమీటరు, కొంత ఓపిక కావాలి. సైరన్‌ను ముందుగా ఆపి, మూతలు తీయాలి. ప్రతి పెట్టెలోను చిన్న చూపుకన్ను ఉంటుంది. అందులో చూస్తూ, ఎదురు పెట్టె నట్టనడుమ కనబడేవరకు కటకాన్ని అడ్డంగా చేతితో, నిలువుగా మరతో త్రిప్పాలి. రెండవ చివర కూడా ఇదే పని చేయాలి. చాలామంది పనివారు ఇక్కడితో ఆగిపోతారు. రిసీవర్ దీపం ఆరింది గదా, పని అయిపోయిందంటారు. దీపం ఆరడమంటే కాంతి ఎంతోకొంత అందుతున్నదని మాత్రమే. ఎంత బలంగా అందుతున్నదో మీటరే చెప్పాలి.

రిసీవర్‌లో మీటరు గుచ్చడానికి రెండు బిందువులు ఉంటాయి. అక్కడి వోల్టేజీ అందుతున్న కాంతి బలాన్ని చూపుతుంది. ఎంత రావాలో ఆయా సూచన పుస్తకంలో ఉంటుంది. ఒకరు రిసీవర్ వద్ద నిలబడి అంకె చదువుతుండగా రెండవవారు ట్రాన్స్‌మిటర్‌ను వెంట్రుకవాసి చొప్పున త్రిప్పాలి. అంకె పెరిగి, శిఖరం చేరి, మళ్ళీ తగ్గడం మొదలవుతుంది. ఆ శిఖరం వద్దకు తిరిగి వచ్చి ఆగాలి. తరువాత రిసీవర్‌ను ఇదే విధంగా కుదర్చాలి. మూతలు పెట్టిన తరువాత మరొకసారి చదివి, ఆ అంకెను తేదీతో సహా మూత లోపలివైపు వ్రాసి ఉంచాలి. రేపు ఇబ్బంది వచ్చినపుడు పోల్చి చూడటానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

పైకిరణాన్ని మాత్రమే అట్టముక్కతో మూసి అంకె చూడాలి. పిదప క్రిందిదానిని మాత్రమే మూసి చూడాలి. రెండు అంకెలు దగ్గరగా ఉండాలి. ఒకటి మరీ తక్కువగా ఉంటే నిజానికి మీ జంట కిరణాల సెన్సార్ ఒక్క కిరణంతోనే నడుస్తున్నదన్నమాట. అప్పుడు పిట్ట వాలినా సైరన్ మోగుతుంది.

మరొక మోసం ఉన్నది. నున్నటి తెల్లగోడ, రేకు, నిలిపి ఉంచిన కారు కాంతిని ప్రతిఫలింపజేస్తాయి. సూటి రేఖ తప్పినా ఆ ప్రతిఫలించిన కాంతి రిసీవర్‌కు చేరి దీపం ఆరి ఉండవచ్చు. అలాంటి అమరికలో మనిషి నడిచిపోయినా సైరన్ మోగదు. కావున చివరి పరీక్ష నడకే. ట్రాన్స్‌మిటర్ దగ్గర, నడుమ, రిసీవర్ దగ్గర, మూడు చోట్లా రేఖను దాటి చూడాలి. మూడు చోట్లా అలారం రావాలి.

ఎంతసేపు తెగితే మోగాలి?

రిసీవర్‌లో కాలాన్ని నిర్ణయించే చిన్న మర ఉంటుంది. చాలా రకాలలో దీని పరిధి 50 మిల్లీ సెకనుల నుండి 500 లేదా అంతకు కొంచెం ఎక్కువ. మనిషి ఛాతీ మందం సుమారు 25 సెంటీమీటర్లు అనుకొందాము. సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తేవాడు రేఖను 50 మిల్లీ సెకనులే తెంచుతాడు. మామూలుగా నడిచేవాడు దాదాపు 200 మిల్లీ సెకనులు తెంచుతాడు. వేగంగా ఎగిరిపోయే పావురం 20 లేక 30 మిల్లీ సెకనులలో దాటిపోతుంది.

కావున పరుగెత్తడానికి వీలున్న ఖాళీ స్థలంలో కాలం తక్కువగా ఉండాలి. గోడ పైన మనిషి ఎంత చురుకైనవాడైనా ఎక్కి దిగడానికి సమయం పడుతుంది గనుక అక్కడ కాలాన్ని పెంచవచ్చు. పిట్టల బెడద తగ్గుతుంది. అయితే ఊరికే మోగుతున్నదని విసిగి ఈ మరను చివరిదాకా త్రిప్పడం పరిష్కారం కాదు. నిజమైన కారణం మరుగున పడుతుంది, నడిచేవాడు కూడా తప్పించుకొంటాడు.

మొరాయించినపుడు

ప్యానల్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. సైరన్ మోగిన ప్రతిసారీ తేదీ, సమయం, జోన్, వాన ఉన్నదా, గాలి ఉన్నదా, కరెంటు ఉన్నదా అన్న వివరాలు వ్రాయండి. పది నమోదులు చేరేసరికి కారణం సగం బయటపడుతుంది.

ఈ పుస్తకం విలువ మేము మా మదర్సాలోనే చూశాము. వెనుకవైపు ప్రహరీ సరిగ్గా తూర్పు పడమరలుగా ఉన్నది. ఒక మార్చి నెలలో వరుసగా కొన్ని రోజులు, పిల్లలు ఉదయపు పాఠాలకు కూర్చునే వేళకు ఆ జోన్ మోగింది. బిగించిన పనివాడు రిసీవర్ మార్చాడు, మోగడం ఆగింది. సెప్టెంబరులో మళ్ళీ మొదలైంది. అతడు మళ్ళీ మార్చాడు, మళ్ళీ ఆగింది. మా పూర్వ విద్యార్థి ఒకరు ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నారు. వారు వచ్చి సెన్సార్‌ను తాకనైనా తాకకుండా పుస్తకం తిరగేశారు. మోగిన రోజులన్నీ మార్చి, సెప్టెంబరు మూడవ, నాలుగవ వారాలలోనివి. వేళ ప్రతిసారీ సూర్యోదయమైన కొద్ది నిమిషాలకే. ఆ రోజులలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. రిసీవర్ పడమటి చివర తూర్పుముఖంగా ఉన్నది. రెండు పెట్టెల చోట్లు తారుమారు చేయించారు. పడమట వసతిగృహం అంతస్తులు అస్తమయ సూర్యుని కప్పుతాయి గనుక ఆ తరువాత ఈ బాధ రాలేదు. మార్చిన రెండు రిసీవర్లలోనూ ఏ లోపమూ లేదు.

నమోదులను ఈ విధంగా చదవవచ్చు. గాలి వీచినప్పుడు మోగితే కొమ్మ, తీగమొక్క, ఆరేసిన బట్ట లేదా ఊగుతున్న స్తంభం. వానలో మోగి, ఎండ రాగానే సర్దుకొంటే పెట్టెలో గాని అతుకులో గాని నీరు. కరెంటు పోయినపుడు మోగితే వోల్టేజీ లేదా పాతబడిన బ్యాటరీ. తెల్లవారుజామున మోగితే కటకంపై మంచు. లేదా ఫజ్ర్ నమాజుకు బయలుదేరినవారు అలారం ఆపకుండా గేటు తెరవడం. రమజాన్‌లో సహ్రీ వేళకు ఇల్లంతా లేస్తుంది గనుక ఆ నెల అలారం సమయాలను మార్చుకోవడం మంచిది. వేళాపాళా లేకుండా మోగితే సాలెగూడు, చీమలు, వదులైన మర.

ఏ నమూనా దొరకనపుడు విడదీసి చూడాలి. ముందుగా ప్యానల్ వద్ద ఆ జోన్ తీగలను విప్పి, వాటి స్థానంలో అదే విలువ గల రెసిస్టర్‌ను పెట్టాలి. అయినా మోగితే లోపం ప్యానల్‌లో ఉన్నది. మోగకపోతే తీగలను తిరిగి కలిపి, గోడవద్ద సెన్సార్ రిలే కొనలను విప్పి, ఆ రెసిస్టర్‌ను తీగ చివర పెట్టాలి. ఇప్పుడు మోగితే లోపం తీగలో ఉన్నది. అప్పుడూ మోగకపోతే సెన్సార్‌లోనో, దాని అమరికలోనో ఉన్నది. ఈ పరీక్ష జరిగే రాత్రులలో ఆ వైపు కాపలా ఉండదు. ఇంటి పెద్దలు మెలకువగా ఉండాలి.

ఎప్పుడూ అలారంలోనే ఉండిపోయే జతకు మొదట రెండు పెట్టెలలోను, సెన్సార్ కొనల వద్దనే, వోల్టేజీ కొలవాలి. ప్యానల్ వద్ద కొలిచినది లెక్కకు రాదు. ట్రాన్స్‌మిటర్ వెలుగుతున్నదో లేదో ఫోన్ కెమెరాతో చూడవచ్చు. ముందు టీవీ రిమోట్ బటన్ నొక్కి కెమెరాలో చూడండి. ఊదారంగు వెలుగు కనబడితే ఆ ఫోన్ ఈ పరీక్షకు పనికివస్తుంది. కొన్ని ఫోన్లు ఈ కాంతిని వడగట్టివేస్తాయి, కావున రిమోట్‌తో పరీక్షించకుండా ట్రాన్స్‌మిటర్ చెడిపోయిందని తేల్చరాదు. తరువాత రెండు పెట్టెల ఛానల్ ఒక్కటేనా, దారిలో ఏమైనా పెరిగిందా అన్నవి చూడాలి.

అసలే మోగని జత అన్నిటికంటె ప్రమాదకరం. ఏలనగా అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు, ఎవరూ దానిని అనుమానించరు. ప్రతిఫలన కాంతి, పొరుగు జత కాంతి, ప్యానల్‌లో బైపాస్ చేసి మరచిన జోన్, తప్పు కొనలకు కలిపిన తీగ, అతుక్కుపోయిన రిలే దీనికి కారణాలు. నెలకొకసారి నడిచి పరీక్షిస్తే తప్ప ఈ లోపం తెలియదు.

నెలకొక అరగంట

నెలలో ఒక రోజు నిర్ణయించుకోండి. మెత్తని తడి గుడ్డతో మూతలు తుడవాలి. మరక పోకపోతే కొద్ది సబ్బునీరు చాలు. పెట్రోలు, థిన్నర్ వాడితే ప్లాస్టిక్ మూత మసకబారుతుంది. కొమ్మలు కత్తిరించాలి. ప్రతి రేఖను నడిచి దాటాలి. వానాకాలానికి ముందు మూతలు తెరిచి, వ్రాసి ఉంచిన అంకెతో పోల్చి చూడాలి. 230 వోల్టుల వైపు పనిని మాత్రం అర్హత గల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

సైరన్ కొద్ది నిమిషాలలో దానంతట అదే ఆగేటట్లు ప్యానల్‌లో అమర్చండి. పరీక్షించే రోజున పొరుగువారికి ముందుగా చెప్పండి. పొరుగువారి హక్కును గురించి మన ఇళ్ళలో ఎంతగా బోధించుకొంటామో ఇక్కడ మరల చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి మన సైరన్ విని మొదట కిటికీ తెరవవలసినది వారే. పది రాత్రులు ఊరికే లేపిన సైరన్‌కు పదకొండవ రాత్రి వారు లేవరు.

ఈ సెన్సార్ దొంగను ఆపదు, తాళానికీ గడియకూ బదులు కాదు. ఎవరో గోడ దాటుతున్నారని మాత్రం చెబుతుంది. స్విచ్చి ఆపేసి ఉంచిన పాఠకులు ఈ వారమే ఒక నోటు పుస్తకం కొని ప్యానల్ పక్కన వేలాడదీసి, స్విచ్చి మళ్ళీ వేయవలసినదిగా కోరుతున్నాము. పది నమోదులు చేరిన తరువాత ఆ పుస్తకాన్ని పనివాని చేతికి ఇవ్వండి. అతడు పెట్టె మారుస్తానంటే, ముందు ఆ పుట చదవమనండి.